మావోయిస్టు అని రాస్తే చాలు, ఎవరి ఫోనైనా వినొచ్చు

ఈ వరుసలో ఇది ఏడో భాగం. కొంచెం పొడుగు. ఓపిక పట్టి చదవండి.

ఉస్మానియాలో చదువుతున్న మా కారేపల్లి తమ్ముడొకడు మొన్న అడిగాడు: "అన్నా, ఫోన్ ట్యాపింగ్ మీద రాస్తానంటున్నవ్. అది పెద్దోళ్ల పంచాయితీ గదా. ఒక పార్టోళ్లు ఇంకో పార్టోళ్ల ఫోన్లు విన్నరట. మాల మాదిగోళ్లకు, కోయోళ్లకు, లంబాడోళ్లకు అందులో ఏమున్నది?"

తమ్ముడూ, ఉన్నదంతా మనదే. ఆ పెద్దోళ్ల ఫోన్లు విన్న మిషను పెద్దోళ్ల కోసం తెచ్చింది కాదు. మన అడవి పేరు చెప్పి తెచ్చారు. మన గూడేల మీద, మన సంఘాల మీద ఏళ్ల తరబడి నడిపి చేయి తిప్పుకున్నారు. ఆ తర్వాత దాన్ని బంజారాహిల్స్ వైపు తిప్పారు. అప్పుడు గానీ అది నేరమని ఈ రాష్ట్రానికి తోచలేదు.

కేసు సంగతి తెలియని వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తా. 2023 డిసెంబర్ 3న అసెంబ్లీ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. ప్రభుత్వం మారింది. మర్నాడు, డిసెంబర్ 4న, స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో ఆఫీసులో సీసీ కెమెరాలు ఆపేసి హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని పోలీసుల అభియోగం. 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో కేసు పెట్టారు. డీఎస్పీ ప్రణీత్ రావును అరెస్టు చేశారు. ఆయన వెనక ఇంకొందరు అధికారులు. ఎస్ఐబీ అధిపతిగా పనిచేసిన టి. ప్రభాకర్ రావు అమెరికా పోయి, సుప్రీంకోర్టు మధ్యంతర రక్షణ ఇచ్చాక 2025 జూన్‌లో తిరిగొచ్చి సిట్ ముందు హాజరయ్యారు. హైకోర్టు జడ్జి ఫోన్ కూడా విన్నారన్న వార్త వచ్చినప్పుడు తెలంగాణ హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. వీళ్లలో ఎవరు దోషులో కోర్టు తేలుస్తుంది. దాని మీద నేను తీర్పు చెప్పను.

నేను అడిగేది వేరే. ఒక మనిషి ఫోన్ వినాలంటే కాగితం మీద ఒక కారణం రాయాలి కదా. రాజకీయ నాయకుల నంబర్ల ఎదురుగా ఏం కారణం రాశారు?

"మావోయిస్టు సానుభూతిపరులు." దర్యాప్తు చేస్తున్న వాళ్లు చెబుతున్న మాట ఇది. టీపీసీసీ అధ్యక్షుడు మహేశ్ కుమార్ గౌడ్ 2025 జూన్‌లో సిట్‌కు వాంగ్మూలం ఇచ్చి బయటికొచ్చి అదే చెప్పారు. తనను మావోయిస్టు సానుభూతిపరుడిగా చూపించి ఫోన్ విన్నారని బాధపడ్డారు.

ఆయన బాధ నిజమే. కాదనను. కానీ టీవీలో ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, కడుపు మండింది, రెండూ ఒకేసారి. ఆ ముద్ర పడినందుకు ఆయనకు సిట్ పిలుపు వచ్చింది, ముందర ఇరవై మైకులు వచ్చాయి. అదే ముద్ర పడిన మా వైపు పిలగాళ్లకు ఏం వచ్చింది? నెలకోసారి స్టేషన్‌కు పోయి సంతకం. ఉద్యోగానికి వెరిఫికేషన్ వచ్చినప్పుడు ఊళ్లో వంద ప్రశ్నలు. ముద్ర ఒకటే, మనిషిని బట్టి దాని బరువు మారుతుంది.

కారేపల్లి ఎక్కడుందో తెలియని వాళ్లకు: డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్ పోయే రైలు మార్గంలో జంక్షన్ మాది. ఇల్లందు లైను ఇక్కడే చీలుతుంది. కాగితాల మీద మా మండలం పేరు సింగరేణి. అవును, బొగ్గు కంపెనీకి పేరిచ్చిన సింగరేణి మాదే. పేరు కంపెనీకి పోయింది, బొగ్గు రైలెక్కి పోయింది, మేము ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. (దాని మీద వేరే భాగం రాస్తా.) కింది వైపు ఖమ్మం మైదానం, పై వైపు ఇల్లందు, టేకులపల్లి, గుండాల, ఆ తర్వాత అడవి. మాల మాదిగ వాడలు, లంబాడీ తండాలు, కోయ గూడేలు పక్కపక్కనే ఉంటాయి. పోడు గొడవ లేని ఊరు వెతకాలి.

ఈ పట్టీలో ఫోన్ మాట్లాడే పద్ధతే వేరు. పోడు మీటింగ్ ఎప్పుడని అడిగితే "కలిసినప్పుడు చెప్తా" అంటారు. ఫారెస్టోళ్లు కందకం తవ్వడానికి మిషను తెచ్చారని చెప్పాలంటే "చుట్టాలొచ్చిన్రు, జెల్ది రా" అంటారు. నా ఎరుకలో ఒక పెద్దాయన ఉన్నాడు. సంఘం మాట మొదలు కాగానే జేబులో ఫోన్ తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూతేసి వచ్చి కూర్చుంటాడు. చదువుకున్న పిల్లలు ఆయన్ని చూసి నవ్వుతారు. 2021లో పెగాసస్ సంగతి బయటపడ్డాక నేను నవ్వడం మానేశాను. మన చేతిలోని ఫోన్‌నే మైకు చేసే సాఫ్ట్‌వేర్ ఉన్నదని అందరికీ తెలిసిన నాటికి ఆ ముసలాయన చాలా ఏళ్లుగా డబ్బా మూత పెడుతూనే ఉన్నాడు.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఊరి పేరు చెప్పను, స్టేషన్ పేరు చెప్పను. ఆ కుటుంబం ఇంకా అక్కడే బతకాలి. ఒక అట్రాసిటీ కేసు. సాక్షి ఒక మాదిగ తల్లి. రేపు పొద్దున ఆమెను కోర్టుకు తీసుకుపోవాలి. ఎన్ని గంటలకు ఎవరి ఆటోలో పోవాలో ముగ్గురం ఫోన్‌లో అనుకున్నాం. తెల్లారేసరికి అవతలి వాళ్ల మనుషులు ఆ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. ఏమీ అనలేదు, బెదిరించలేదు. ఊరికే కూర్చున్నారు. ఆ తల్లి ఆ రోజు కోర్టుకు రాలేదు.

ఎవరు చెప్పారు వాళ్లకు? నా దగ్గర రుజువు లేదు. ఫోన్ విన్నారని నేను ఆరోపించను, రుజువు లేనిది మాట్లాడే అలవాటు నాకు లేదు. ఆ తర్వాత మాలో ఏం జరిగిందో అది మాత్రం చెప్పగలను. ముగ్గురం ఒకరి మీద ఒకరం అనుమానపడ్డాం. ఆటో తమ్ముడు నన్ను అనుమానించాడు. నేను అతన్ని. మూడో మనిషి ఇద్దరినీ. ఏడేళ్ల స్నేహం ఒక నెలలో పాడైంది. ఆ కేసు ఏమైందో మీరే ఊహించుకోండి. నిఘా అంటే ఎవరో చెవి పెట్టి వినడం ఒక్కటే అనుకుంటారు చదువుకున్న వాళ్లు. నిజంగా వింటున్నారో లేదో తెలియకపోవడంతోనే సగం పని అయిపోతుంది. వినకుండానే సంఘాన్ని విడగొట్టొచ్చు.

భూమి లేని వాళ్లకు, డబ్బు లేని వాళ్లకు, ఎమ్మెల్యే దగ్గర మనిషి లేని వాళ్లకు ఉన్న బలం ఏమిటి? పదిమంది ముందుగా మాట్లాడుకొని ఒకేసారి నిలబడడం. ఆ మాట్లాడుకోవడం గుట్టుగా ఉంటేనే నిలబడడం కుదురుతుంది. దొరకు గుట్టు పోతే పరువు పోతుంది. మనకు గుట్టు పోతే సాక్షి పోతుంది, భూమి పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. "నీకు దాచేదేముంది, భయమెందుకు" అని అడిగే వాళ్లను ఒక్కసారి అట్రాసిటీ కేసులో సాక్షిగా నిలబడమనండి.

ఇక తాడ్వాయి సంగతి. మా అడవికి ఆ పక్కనే, ములుగు జిల్లాలో. 2022 ఆగస్టు 19న తాడ్వాయి పోలీస్ స్టేషన్‌లో ఒక ఎఫ్ఐఆర్. ఊపా, ఆయుధాల చట్టం సెక్షన్లు. నిందితులు 152 మంది. అందులో ప్రొఫెసర్ హరగోపాల్ ఉన్నారు, ప్రొఫెసర్ పద్మజా షా ఉన్నారు, ప్రొఫెసర్ గడ్డం లక్ష్మణ్ ఉన్నారు, సుధా భరద్వాజ్ ఉన్నారు. పది నెలలు ఈ ఎఫ్ఐఆర్ సంగతి లోకానికి తెలియదు. 2023 జూన్‌లో వేరే కేసులో బెయిల్ విచారణ జరుగుతుంటే బయటపడింది. దొరికిన సాహిత్యంలో ఈ పేర్లు ఉన్నాయి కాబట్టి నిందితులు, ఇదీ ఆధారం. ఆ జాబితాలో బాంబే హైకోర్టు రిటైర్డ్ జడ్జి హెచ్. సురేశ్ పేరు కూడా ఉంది. ఆయన 2020 జూన్‌లోనే చనిపోయారు. చనిపోయిన రెండేళ్లకు తాడ్వాయి అడవిలో కుట్ర చేశాడట ఆ పెద్దాయన!

అందరూ జడ్జి పేరు దగ్గర నవ్వి ఆగిపోయారు. గోల లేచాక ముఖ్యమంత్రి కేసీఆర్ హరగోపాల్ మీద కేసు తీసేయమన్నారు. పేరున్న కొందరి పేర్లు తీసేస్తామని పోలీసులు చెప్పారు. సంతోషమే. హరగోపాల్ సారు మన పక్షాన జీవితమంతా మాట్లాడిన మనిషి. మరి ఆ 152 మందిలో ఏ టీవీకీ తెలియని పేర్లు? ప్రొఫెసర్ కాని వాళ్లు, ఢిల్లీలో స్నేహితులు లేని వాళ్లు, వాళ్ల కోసం ఏ ముఖ్యమంత్రి ప్రకటన చేశాడు? నేను అడిగేది ఇదే, అప్పుడైనా ఇప్పుడైనా.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇక్కడ కొంచెం ఆగి చదవండి.

1885లో తెల్లోడు టెలిగ్రాఫ్ చట్టం చేశాడు. అందులో సెక్షన్ 5(2). ప్రజా అత్యవసర పరిస్థితి వచ్చినా, ప్రజా భద్రతకు అవసరమైనా సర్కారు మన కబురు మధ్యలో పట్టుకోవచ్చు. స్వాతంత్ర్యం వచ్చింది, తెల్లోడు పోయాడు, సెక్షన్ పోలేదు. 1991లో నాయకుల ఫోన్లు విన్న సంగతి బయటపడి, పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు పోతే, 1996లో తీర్పు వచ్చింది. ఫోన్‌లో మాట్లాడుకోవడం గోప్యత హక్కులో భాగమన్నారు. హోం సెక్రెటరీ సంతకం ఉండాలన్నారు, రివ్యూ కమిటీ ఉండాలన్నారు. 2007లో అదే 419ఏ రూలు అయింది. చూశారా, అప్పుడు కూడా నాయకుల ఫోన్ల దగ్గరే మొదలైంది.

ఆ కాపలా ఎట్లా ఉంటుందంటే: ఫోన్ వినాలని అడిగేది పోలీసులు. సంతకం పెట్టేది హోం శాఖ. అది సరిగ్గా ఉందా అని చూసే రాష్ట్ర కమిటీకి పెద్ద చీఫ్ సెక్రెటరీ. అడిగేవాడు, ఇచ్చేవాడు, తనిఖీ చేసేవాడు, ముగ్గురూ ఒకే సర్కారు జీతగాళ్లు. ఎక్కడా జడ్జి లేడు. అర్జెంటు అంటే ఐజీ స్థాయి అధికారి ముందు వినేసి, వారంలో సంతకం తెచ్చుకోవచ్చు. విన్న సంగతి ఎప్పటికీ మనకు చెప్పరు. చెప్పనప్పుడు కోర్టుకు ఏమని పోతాం?

జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018 నివేదికలో ఒక లెక్క ఉంది. సమాచార హక్కు కింద తెలిసిన దాని ప్రకారం కేంద్రం ఒక్కటే నెలకు 7,500 నుంచి 9,000 దాకా ట్యాపింగ్ ఆర్డర్లు ఇస్తోంది. రెండు నెలలకోసారి కూర్చునే రివ్యూ కమిటీ ఒక్క కూర్చోలో 15,000 నుంచి 18,000 ఆర్డర్లు చూడాలి. ఒక్కో ఆర్డర్‌కు ఒక్క నిమిషం ఇచ్చినా, తిండి నిద్ర లేకుండా పది రోజులు కూర్చోవాలి సార్లు. కూర్చుంటారా? రైతుబజారులో వంకాయలైనా అంతకన్నా ఎక్కువసేపు తిప్పి చూస్తాం. ఆ కాగితాల కట్టలో "మావోయిస్టు" అని రాసున్న కాగితం వస్తే ఎవడు ఆగి ప్రశ్న వేస్తాడు? ఆ మాట చూస్తే సంతకం దానంతట అదే పడుతుంది. హైదరాబాద్‌లో జరిగింది అదే కావచ్చని మీకూ తోచడం లేదా?

2023 డిసెంబర్‌లో పాత టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో టెలికమ్యూనికేషన్స్ చట్టం తెచ్చారు. 146 మంది ప్రతిపక్ష ఎంపీలను బయటికి పంపిన సమావేశాల్లో పాసైంది. 2024 డిసెంబర్‌లో ట్యాపింగ్‌కు కొత్త రూల్సు వచ్చాయి. చట్టం కొత్తది, రూల్సు కొత్తవి. జడ్జి మాత్రం అందులోనూ లేడు.

ఇది మన రాజ్యాంగం తలరాత అనుకోకండి. ఇంకో దారి ఉండింది. దాన్ని చూపించింది బాబాసాహెబ్.

1947 మార్చిలో అంబేద్కర్ రాజ్యాంగ సభ ఉపసంఘానికి ఇచ్చిన పత్రం మీలో చాలామంది చదివే ఉంటారు, "స్టేట్స్ అండ్ మైనారిటీస్" అని. భూమిని జాతీయం చేయాలన్న భాగం గురించి మనం ఊరూరా మాట్లాడతాం. అందులోనే ఇంకో హక్కు రాశారు: మనిషిని, ఇంటిని, కాగితాలను, వస్తువులను కారణం లేకుండా సోదా చేయకూడదని, జప్తు చేయకూడదని. దీని గురించి మనం అంతగా మాట్లాడం. అదే ఉపసంఘంలో మున్షీ రాసిన ముసాయిదాలో ఉత్తరాల గోప్యత హక్కు కూడా ఉంది. ఉపసంఘం మొదట ఈ రెంటినీ ఒప్పుకుంది. తర్వాత అభ్యంతరం చెప్పిన వాళ్లలో ముఖ్యుడు మన నెల్లూరు వైపు నుంచి పోయి మద్రాసులో పేరుమోసిన లాయరైన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. ప్రతి సొంత ఉత్తరానికీ సర్కారు కాగితాల స్థాయి గోప్యత వస్తే కోర్టుల్లో సాక్ష్యాలు దొరకవని ఆయన బాధ. లాయరు బాధ లాయరుది. చివరికి ఆ రెండు హక్కులూ జారిపోయాయి.

అంతటితో అయిపోలేదు. 1948 డిసెంబర్‌లో ఖాజీ సయ్యద్ కరీముద్దీన్ అనే సభ్యుడు సోదాల నుంచి రక్షణ కావాలని సవరణ తెచ్చారు. అంబేద్కర్ దాన్ని ఒప్పుకున్నారు. ఈ రక్షణ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇప్పటికే ఉన్నదే, అయినా చట్టసభ చేతికి అందని చోట పెట్టడం మంచిదన్నది ఆయన మాటల సారాంశం. చట్టసభ చేతికి అందని చోట! రేపు గద్దెనెక్కేది ఎవరో, వాళ్లు ఏ కులం చేతిలో ఉంటారో ఆయనకు తెలుసు. సభ ఆ సవరణను ఓడించింది.

అంబేద్కర్‌కు ఈ సంగతి ఇంకో రకంగా కూడా తెలుసు. ఆయన సభల్లో ఏం మాట్లాడారో మనకు ఇవ్వాళ తెలియడానికి ఒక ఆధారం బొంబాయి పోలీసుల రహస్య నివేదికలు. మహారాష్ట్ర ప్రభుత్వం అచ్చేసిన ఆధార సంపుటంలో అవి ఉన్నాయి. అంటరానివాళ్లు ఒకచోట కూర్చుంటే అక్కడ రాసుకునే పోలీసు కూడా ఒకడు కూర్చునేవాడు. మన ఉద్యమ చరిత్రలో కొంత భాగం మన మీద నిఘా పెట్టినవాడి చేతిరాతలో ఉంది.

హక్కు రాజ్యాంగంలో రాయకపోతే ఏమవుతుందో 1962లో ఖరక్ సింగ్ కేసులో తెలిసింది. ఉత్తరప్రదేశ్ మనిషి. దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశాక కూడా హిస్టరీ షీటు తెరిచి అర్ధరాత్రి తలుపు కొట్టేవాళ్లు. సుప్రీంకోర్టు రాత్రి తలుపు కొట్టడం తప్పన్నది గానీ, గోప్యత హక్కు రాజ్యాంగంలో లేదన్నది. ఒప్పుకోకుండా వేరే తీర్పు రాసిన జడ్జి కోకా సుబ్బారావు. రాజమండ్రి మనిషి. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయలేని భాగమని రాశారు. ఆ మాటను దేశం ఒప్పుకోవడానికి 55 ఏళ్లు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. అన్నారు, మంచిదే. కారేపల్లి చౌరస్తాలో ఆ తీర్పు ఇంకా దిగలేదు.

ఖరక్ సింగ్ తలుపు మీద కొట్టిన దెబ్బ మనవాళ్లకు కొత్త కాదు. 1871లో ఉత్తరాదిలో మొదలుపెట్టి, 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చిన నేరస్త జాతుల చట్టం కింద కులాలకు కులాలనే పుట్టుకతో నేరస్తులన్నారు. ఎరుకల వాళ్లను స్టువర్టుపురం సెటిల్మెంట్లో పెట్టి హాజరు తీసుకున్నారు. రాత్రి ఇంట్లో ఉన్నావా లేదా, పక్క ఊరికి ఎందుకు పోతున్నావ్, చీటీ ఉందా. 1952లో చట్టం రద్దు చేశారు. అలవాటు నేరస్తులనే పేరుతో షీట్లు మిగిలాయి. ఇవ్వాళ ఫోన్ టవర్ ఆ హాజరే తీసుకుంటోంది, చీటీ అడగకుండా.

మన ఊళ్లలో ఇంకో దుర్మార్గం ఉంది. వెట్టి మాదిగను, కావలికారును, సుంకరిని ఊరి కళ్లుగా పెట్టారు. పట్వారికి ఎవరి చేను పండిందో చెప్పాలి, పటేలుకు ఎవరింటికి ఎవరొచ్చారో చెప్పాలి. వినడం, చూడడం, మోసుకుపోయి చెప్పడం మన చేత చేయించారు, మన మీదే చేయించారు. ఇవ్వాళ ఇన్‌ఫార్మర్ పేరుతో జరిగేది అదే. ఐదు వేలిచ్చి మన పిల్లగాడినే మన మీదికి తయారు చేస్తారు. ఆ తర్వాత ఆ పిల్లగాడిని ఎవరు కాల్చినా అడిగే దిక్కుండదు. ఇన్‌ఫార్మర్లని చంపిన వాళ్లను నేను ఏనాడూ సమర్థించలేదు, సమర్థించను. చనిపోయిన వాళ్ల కులాలు చూడండి చాలు. పట్నంలో ట్యాపింగ్ గది ఏసీలో ఉంటుంది. అడవిలో ఆ పని మన పిల్లల మెడ మీద ఉంటుంది.

ఈ నిఘా కళ్లకు మనం ఎట్లా కనిపిస్తామో తెలియాలంటే 2018 ఆగస్టు 28 గుర్తు చేసుకోండి. భీమా కోరేగావ్ కేసులో వరవరరావు గారిని అరెస్టు చేసిన రోజు. అదే రోజు పుణె పోలీసులు ఇఫ్లూలో ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంటికి పోయారు. ఆయన దళిత మేధావి, వరవరరావు అల్లుడు. నిందితుడు కాడు. ఇల్లంతా వెతికారు, కంప్యూటర్ డిస్కులు పట్టుకుపోయారు. వాళ్లు అడిగిన ప్రశ్నలు అప్పుడు అన్ని పేపర్లలో వచ్చాయి. ఇన్ని పుస్తకాలు ఎందుకు? దేవుళ్ల ఫొటోలు లేకుండా ఫూలే, అంబేద్కర్ ఫొటోలు ఎందుకు? ఆయన భార్యను ఏం అడిగారో తెలుసా? నీ భర్త దళితుడు సరే, నువ్వు బ్రాహ్మణ స్త్రీవి, బొట్టు లేదేం, నగలు లేవేం అని! సోదా వారెంటులో రాసి ఉంటుందా బొట్టు సంగతి? గోడ మీద ఫొటో చూసి ఇంత అనుమానపడ్డవాడు మన వాట్సాప్ తెరిస్తే ఏమనుకుంటాడు? చాలామంది మన డీపీలు నీలం రంగే.

అదే కేసులో ఇంకో ఘోరం. రోనా విల్సన్ లాప్‌టాప్‌ను అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ సంస్థ పరీక్షించింది. దూరం నుంచి చొరబడే సాఫ్ట్‌వేర్‌తో అందులో ఉత్తరాలు పెట్టారని 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. సురేంద్ర గాడ్లింగ్, స్టాన్ స్వామి కంప్యూటర్ల మీద కూడా అలాంటి నివేదికలే వచ్చాయి. స్టాన్ స్వామి నివేదిక చూడలేదు, 2021 జూలై 5న కస్టడీలోనే పోయారు. అంటే వినడంతో ఆగలేదు, మనం రాయనిది మన ఇంట్లో పెట్టే దాకా పోయిందని ఆ నివేదికలు చెబుతున్నాయి. అంబేద్కర్ ఇంటి అల్లుడు ఆనంద్ తేల్‌తుంబ్డేను 2020లో అరెస్టు చేసిన తారీఖు ఏప్రిల్ 14. బెయిల్ మీద బయటికొచ్చింది 2022 నవంబర్ 26. తారీఖులు ఎవరూ కావాలని ఎంచలేదనే అనుకుందాం. పెగాసస్ దాడికి గురయ్యారని 2019లో వాట్సాప్ హెచ్చరించిన వాళ్లలో ఆయన కూడా ఉన్నారు.

పెగాసస్ మీద సుప్రీంకోర్టు కమిటీ వేసింది. 2022 ఆగస్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ, మన కృష్ణా జిల్లా మనిషే, కోర్టులో చెప్పారు: 29 ఫోన్లు చూస్తే ఐదింటిలో ఏదో మాల్‌వేర్ దొరికింది, అది పెగాససేనని తేలలేదు, కేంద్రం సహకరించలేదు. కేంద్రం సుప్రీంకోర్టుకే సహకరించకపోతే ఇల్లందులో ఉండే ఆశా వర్కర్ దరఖాస్తుకు సమాధానమిస్తుందా?

అందుకే 2025 ఆగస్టులో కేంద్ర హోం శాఖ సహాయ మంత్రి బండి సంజయ్ సిట్ ముందుకొచ్చి నా ఫోన్ విన్నారని చెప్పినప్పుడు ఒక్క ప్రశ్న అడగాలనిపించింది. సార్, 2018 డిసెంబర్ 20న పది సంస్థలకు దేశంలో ఏ కంప్యూటర్‌లోని సమాచారమైనా చూసే అధికారమిస్తూ ఆర్డర్ ఇచ్చింది మీరు ఇప్పుడు కూర్చున్న శాఖే. మీ ఫోన్ విన్నందుకు మీకైన నొప్పి, ఆ ఆర్డర్ చదివితే ఏమైనా గుర్తొస్తుందా?

కాంగ్రెస్ సర్కారుకు కూడా చెప్పాలి. మీ నాయకుల ఫోన్లు విన్నారని మీరు కేసు పెట్టారు. పెట్టాల్సిందే. సాక్షులుగా ఎంపీలను, ఎమ్మెల్యేలను, వ్యాపారులను పిలిచారు. ఆ దొంగ జాబితా మీద "మావోయిస్టు" అని రాసి వినడం నేరమైతే, అంతకు ముందున్న అసలు జాబితా సంగతేంది? అందులో సంఘం పెట్టుకున్నందుకు, పోడు కోసం కొట్లాడినందుకు, విరసం మీటింగుకు పోయినందుకు, యూనివర్సిటీలో అంబేద్కర్ జయంతి చేసినందుకు ఎక్కిన పేర్లు ఎన్ని? ఏ గూడెం నుంచి ఎవరిని పిలిచి, నీ ఫోన్ కూడా విన్నారమ్మా అని చెప్పారు? రోహిత్ వేముల బతికుండగానే, 2015లో ఒక కేంద్రమంత్రి ఉత్తరం హైదరాబాద్ యూనివర్సిటీని కులతత్వ, తీవ్రవాద, దేశద్రోహ రాజకీయాల అడ్డా అన్నది. అలాంటి ఒక్క మాట ఫైలులో పడితే ఆ పిల్లల నంబర్లు ఎక్కడికి పోతాయో మీకు తెలుసు, ప్రతిపక్షంలో ఉండగా మీరే అనుభవించారు.

2026 మార్చి 31 నాటికి మావోయిస్టులే ఉండరని అమిత్ షా గడువు పెట్టారు. కర్రెగుట్టల్లో 2025 ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని శవాలు లేచాయో మా భద్రాచలం వైపు వాళ్లకు తెలుసు. వాళ్ల లెక్క ప్రకారమే మావోయిస్టు అనేవాడు లేకుండా పోతే, ఆ పేరు మీద తెచ్చిన మిషను ఏమవుతుంది? మూసేస్తారా? లేక "అర్బన్ నక్సల్" అనే మాట అందుకే ముందుగా తయారు చేసి పెట్టుకున్నారా?

మన డిమాండ్లు హార్డ్ డిస్కుల దగ్గర ఆగకూడదు. ఎస్ఐబీ ఇప్పటిదాకా మావోయిస్టు సానుభూతిపరులని రాసి విన్న నంబర్లన్నీ ఒక రిటైర్డ్ హైకోర్టు జడ్జి ముందు పెట్టాలి. కేసు లేని ప్రతి మనిషికీ, నీ ఫోన్ ఫలానా తారీఖు నుంచి ఫలానా తారీఖు దాకా విన్నామని కాగితం ఇవ్వాలి. తాడ్వాయి ఎఫ్ఐఆర్‌లో పేరులేని పెద్దమనుషుల పేర్లతో సహా మొత్తం తేల్చాలి. ట్యాపింగ్ ఆర్డర్ మీద జడ్జి సంతకం లేకుండా ఒక్క నంబర్ కూడా వినొద్దని చట్టం మార్చాలి. ఇది కేంద్రం చేతిలో ఉంది. అయినా అసెంబ్లీలో తీర్మానం చేసి పంపడానికి రేవంత్ రెడ్డి గారికి ఎవరూ అడ్డం లేరు.

చివరగా విద్యార్థి మిత్రులకు ఒక పని. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పోలీసులు బండ్లు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకొని వాట్సాప్‌లో గంజాయి అని కొట్టి వెతికిన వీడియోలు మీరు చూశారు. మా వైపు చెక్‌పోస్టుల్లో అలా ఫోన్ తెరవమన్న అనుభవం మీలో ఎంతమందికి ఉందో నాకు కావాలి. తారీఖు, టైము, చోటు, ఏమడిగారు, ఏం చూశారు, రసీదు ఇచ్చారా లేదా, నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఇప్పుడే నాకు పంపకండి. నెలాఖరు ఆదివారం ఇల్లందులో కలుద్దాం. చోటు మీ ఊరి సంఘం వాళ్లు నోటితో చెప్తారు. పుస్తకాలు అప్పుడు తెచ్చివ్వండి. నలుగురు లాయరు మిత్రులు వస్తున్నారు. సరిపడా అనుభవాలు వస్తే హైకోర్టుకు పోదాం.